పెట్టెమూతలోని పంచరత్నములు

మా అమ్మమ్మ కాపురమునకు వచ్చునప్పుడు పుట్టింటినుండి తెచ్చుకొన్న టేకుపెట్టె మూతకు లోపలివైపున, బియ్యపుపిండి జిగురుతో అంటించిన గులాబిరంగు కాగితమొకటి ఉండెడిది. మూత ఎత్తినప్పుడెల్ల పట్టుచీరల మడతలలోని కర్పూరపు వాసనతోబాటు ఆ కాగితము మా కంటబడెడిది. చుట్టును పూలతీగ అల్లిన అంచు, నడినెత్తిన తామరపూవులో కూర్చున్న లక్ష్మీదేవి బ్లాకు, దాని క్రింద ‘వివాహ పంచరత్నములు’ అని లావుపాటి అక్షరములు, అటుపై వధూవరులను ఆశీర్వదించు అయిదు పద్యములు, వాని క్రింద ‘వరుని మిత్రబృందము’ అను సంతకము, అన్నిటికిని అడుగున చీమతలకాయలంతటి అక్షరములతో ముద్రాక్షరశాల పేరును ఊరిపేరును. ఇంగ్లీషు తేదీ లేదు. ప్రమోదూతనామ సంవత్సర వైశాఖమని మాత్రముండెను. ప్రమోదూత అరువదియేండ్లకొకమారు తిరిగివచ్చును గనుక అది 1870 కావచ్చును, 1930 కావచ్చును. కాని నాలుగవ పద్యములో వరుడు కట్టిన ఖద్దరుపంచెను కవి పొగడియుండెను. దండి సముద్రతీరమున గాంధీమహాత్ముడు ఉప్పు చేపట్టిన కొలదివారములకే జరిగిన పెండ్లి యని, ఇంటివారినెవరిని అడుగకయే, ఆ ఒక్కమాటవలన తెలిసిపోవును.

అమ్మమ్మ పోయిన కొన్నేండ్లకు పెట్టెకు కొత్తరంగు వేయింపదలచిరి. వడ్రంగి ఆ కాగితమును తడిపి, ఉలియంచుతో గీకి, గరుకుకాగితముతో రుద్ది, మూతను అద్దమువలె నున్నగా చేసియిచ్చెను. ఆ పద్యములలో రెండు మా పెద్దమామయ్యకు నోటికి వచ్చును. తక్కిన మూడును కాగితముతోనే పోయినవి. అయితే, ఎన్నిమార్లు తలచుకొన్నను నన్ను ఎక్కువగా బాధించునది ఆ మూడు పద్యముల లోపము కాదు. అడుగుపంక్తిలోని ముద్రాక్షరశాల పేరు ఇంటిల్లిపాదిలో ఒక్కరికిని జ్ఞాపకము లేదు. పద్యమును కంఠస్థము చేయువారుందురు. పద్యము అచ్చైన తావును కంఠస్థము చేయువారెవరు?

తెలుగునాట తాళపత్రములకు పుణ్యపురుషులు దొరకిరి. కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) ఊరూర కైఫీయతులను, అనగా గ్రామచరిత్రలను, సేకరింపించెను. సి.పి. బ్రౌను (1798–1884) తన సొమ్ము వెచ్చించి, పండితులను కూర్చుండబెట్టి, ప్రతికి ప్రతిని సరిపోల్చి, వేమన పద్యములను 1829లో అచ్చుకెక్కించెను. నోటిపాటకును కొందరు ఆప్తులు దొరకిరి: 1874లో జె.ఎ. బాయిల్ అను దొర ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో తెలుగు వీరగాథలను గూర్చి వ్రాయుచు సర్వాయి పాపని పాటకు చోటిచ్చెను. తరువాతి తరములలో నేదునూరి గంగాధరముగారు, బిరుదురాజు రామరాజుగారు మొదలైన పెద్దలు జానపదగేయముల సేకరణమునకు జీవితమును ధారపోసిరి. ఈ రెంటి నడుమ చిక్కుకొని దిక్కులేనిదైనది అచ్చుపడిన పాట. ‘అచ్చైనది గదా, ఎక్కడనో ఒకచోట ఉండకపోవునా’ అను ధీమాయే దానికి పగయైనది. తాళపత్రము లోకమున ఒక్కటే యని యెరిగినవాడు దానిని పట్టుగుడ్డలో చుట్టి దాచును. వేయి ప్రతులు వేసిన పాటలపొత్తమును కొన్నవాడో, తక్కిన తొమ్మిదివందల తొంబదితొమ్మండుగురును దాచియుందురని నమ్మి, తనదానిని పొయ్యిరాజేయుటకు ఇచ్చివేయును. వేయిమందియు అట్లే నమ్ముదురు.

అచ్చుపాట యని నేననుచున్నది కావ్యమును గాదు, అట్టకట్టి అలమరలో నిలబెట్టిన కవితాసంపుటమును గాదు. ఒక కాగితమునకు ఒకవైపుననో, ఒక ఫారమును మడిచి కుట్టిన ఎనిమిది పదునారు పుటలలోనో ముగిసి, ఆ పండుగతోనో ఆ పెండ్లితోనో ఆ నాటకముతోనో తన పని తీరిపోవు ముద్రణమును గూర్చి చెప్పుచున్నాను. కలెక్టరుగారి రాకకు స్వాగతపద్యములు, బదిలీయై పోవు హెడ్మాస్టరుగారికి వీడ్కోలు పద్యములు, జమీందారుగారి షష్టిపూర్తికి నవరత్నములు, పోయినవారి పండ్రెండవనాడు పంచిపెట్టు నల్లయంచు స్మృతిగీతములు. శ్రీరామనవమి పందిటిలో అమ్మిన భజనకీర్తనలు, తిరునాళ్ళలో చాపమీద పరచిన తత్వములు, మంగళహారతులు, కోలాటపు పాటలు. సమాజమువారి ప్రార్థనాగీతములు, మిషనువారి కీర్తనలు. 1911 నాటి ఢిల్లీదర్బారుకు పట్టాభిషేక పద్యములు, పదేండ్లు తిరుగకమున్నే ఆ చక్రవర్తి ప్రభుత్వమును పొమ్మన్న సత్యాగ్రహపు పాటలు. ఇటు చూచిన ఓట్లపాటలు, అటు చూచిన సినిమా పాటలు. కవి కీర్తి కోరి వ్రాసినవి వీనిలో కొన్నియే. తక్కినవన్నియు ఆనాటి యవసరము వ్రాయించినవి. ఒక సంఘము ఏ దినమున ఏమి కోరినదో, ఎవరిని చూచి చేతులెత్తినదో, దేనికి వెరచినదో తెలిసికొనుటకు వీనికంటె దగ్గరి సాక్షులు నా యెరుకలో లేవు.

చాల యేండ్ల క్రిందట గోదావరి యొడ్డునున్న ఒక పట్టణమున, చిత్తుకాగితముల కొట్టులో, తక్కెడ ప్రక్కన గోనెసంచిలో ఇట్టి పొత్తముల కట్టనొకదానిని చూచితిని. పైన తత్వములు, వాని క్రింద నాటకపద్యములు, వాని క్రింద ముఖపత్రము చినిగిన భజనకీర్తనలు రెండు, అడుగున తుప్పుపట్టిన పిన్నులతో సినిమా పాటల పుస్తకములు ముప్పదికి పైగా ఉండెను. నేను చేతిలోనికి తీసికొని తిరుగవేయుచుండగా కొట్టుయజమాని నా మొగము చూచి, “ఇవి పొట్లాలక్కూడా పనికిరావండీ, మరీ చిన్న కాయితాలు. తూకంలోనే ఇచ్చేస్తాను, పట్టుకుపోండి” అనెను. పాత దినపత్రికకు పొట్లమువిలువ యైనను కలదు, వీనికి అదియును లేదు. పెద్దపుస్తకము చిత్తుకాగితమైనను ఎవడో ఒకడు జాలిపడి ఏరుకొనును. చిన్నపొత్తము పరిమాణముచేతనే పాపముచేసికొన్నది.

పరిమాణమనగా ఒక వింతసంగతి చెప్పవలెను. పుటల లెక్కతో పుస్తకమునకు నిర్వచనము చెప్పిన యునెస్కో 1964 నాటి నియమము ప్రకారము, అట్టలు విడిచి కనీసము 49 పుటలుండినగాని అది పుస్తకము గాదు. ఆ కొలతతో కొలిచినచో మన భజనకీర్తనలలో నూటికి తొంబదియైనను పుస్తకముల పంక్తిలో కూర్చుండలేవు. అంతకు సుమారు నూరేండ్లకు ముందే, మన దేశమునేలిన కంపెనీవారి వారసులు చేసిన 1867వ సంవత్సరపు 25వ చట్టము, అనగా ముద్రణాలయముల యొక్కయు పుస్తకముల నమోదు యొక్కయు చట్టము, విడిగా అచ్చువేసిన సంగీతపు కాగితమొక్కటియైనను పుస్తకమే యని నిర్వచించినది. ఆ చట్టమే, అచ్చైన ప్రతి పుస్తకము మీదను కాగితము మీదను ముద్రాపకుని పేరును ముద్రించిన తావును తేటగా ఉండవలెనని విధించినది. మా అమ్మమ్మ పెట్టెలోని కాగితపు అడుగుపంక్తి ముద్రాపకుడు తన గొప్పకొరకు వేసికొన్నది కాదు. అది శాసనము వేయించిన పంక్తి.

ఈ చట్టము సాహిత్యాభిమానముచేత పుట్టలేదు. 1857 నాటి తిరుగుబాటు చల్లారి పదేండ్లైనను, ఎక్కడ ఎవడేమి అచ్చువేయుచున్నాడో తెలిసికొనుచుండవలెనన్న జంకు దొరతనమువారిని విడువలేదు. దాని ఫలముగా అచ్చైన ప్రతిపుస్తకపు ప్రతులను ప్రభుత్వమునకు అప్పగింపవలసివచ్చెను. మూడుమాసములకొకమారు వాని పట్టిక రాజధాని గెజెటుకు అనుబంధముగా వెలువడుచుండెను. ఆ పట్టికలోని గడులను చదువుచున్న చరిత్రకారునకు కడుపు నిండును. పేరు, భాష, కర్త, విషయము, అచ్చైన తావు, ముద్రాపకుడు, ప్రకాశకుడు, వెలువడిన తేదీ, పుటల సంఖ్య, పరిమాణము, ఎన్నవ కూర్పు, ఎన్ని ప్రతులు, అక్షరముద్రణమా శిలాముద్రణమా, వెల ఎంత, హక్కు ఎవరిది. ఎన్ని ప్రతులు వేసిరో ఈ కాలపు పుస్తకములలో పెక్కింటికి తెలియదు; అణాకు అమ్మిన మంగళహారతుల పొత్తమునకు మాత్రము తెలియును! పొత్తము చెదలపాలైనను దాని జాతకము గెజెటులో భద్రముగా నున్నది. నిఘాకొరకు వ్రాసిన జాబితా మనకు వంశవృక్షమైనది.

నైజాము రాష్ట్రమునకు ఈ భాగ్యమబ్బలేదు. బ్రిటిషిండియా చట్టము అక్కడ చెల్లదు గనుక అచటి తెలుగు ముద్రణములు చెన్నపట్టణపు పట్టికకు ఎక్కలేదు. ఆ లోటు నిజమైన లేమిగా లోకమునకు కనబడినది. తెలంగాణమున కవులే లేరన్న మాట చెవినిబడినప్పుడు, గోలకొండ పత్రికా సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగలేదు. ఊరూరినుండి కవుల రచనలను రప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. అది కవితాసంకలనమని అందరును చెప్పుకొందురు. నా దృష్టిలో అది అంతకుముందొక జాబితా; సర్కారువారు చేయని పనిని ఒక పత్రికాకార్యాలయము నెత్తికెత్తుకొని చేసిన కవుల లెక్క. ఊరిపేరు లేని కవితకంటె, కవిత సాధారణమైనను ఊరిపేరుతో వచ్చిన కవి చరిత్రకు ఎక్కువ ఉపకారి యని ఆ సంచిక తిరుగవేసినప్పుడెల్ల నాకు తోచును.

ఇక కీర్తనల సంగతి. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరిగారు, సంప్రదాయవిద్య నేర్చిన బ్రాహ్మణులు, 1833లో క్రైస్తవమును స్వీకరించి, 1890లో తనువు చాలించువరకు తెలుగున క్రీస్తుకీర్తనలు రచించుచునే యుండిరి. మిషనరీలు తమ దేశపు బాణీలకు తెలుగు మాటలను బిగించి పాడించుచుండిన కాలమున, ఆయన పల్లవి, అనుపల్లవి, చరణములతో, రాగతాళములతో పాడినారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను పేర తెలుగు సంఘములు నేటికిని చేతబట్టు గ్రంథమున ఆయన కీర్తనలు అనేకము ఉన్నవి. కీర్తన నెత్తిమీద రాగము పేరును తాళము పేరును ముద్రించుట ఆ గ్రంథమున ఆచారము. నిరక్షరాస్యులైన పల్లెవాసులు ఆరాధనలో ఈ కీర్తనలనే వినివిని నేర్చిరి. ఆదివారమాదివారము చేతులు మారి, చెమటకు తడిసి, మూలలు మడిగి, అట్ట యూడి, కొత్తకూర్పు రాగానే పాతది మూలపడి పోవుటయే ఇట్టి పుస్తకమునకు గతి. ఎంత ఎక్కువ వాడిరో అంత వేగముగా నశించును. ఎవరును తెరువని వ్యాఖ్యానగ్రంథము అలమరలో నూరేండ్లు పెండ్లికొడుకువలె కూర్చుండును. అందుచేత గ్రంథాలయములో దొరకు సంఖ్యను బట్టి వాడుకను కొలుచువాడు తలక్రిందుగా కొలుచుచున్నాడు.

కీర్తనపుస్తకముల జాబితా వ్రాయువారికొక చిక్కు కలదు. కూర్పు మారినప్పుడెల్ల కీర్తనసంఖ్య మారవచ్చును, చరణములు తగ్గవచ్చును, భాష దిద్దుబాటు పడవచ్చును. ‘నూటపదవ కీర్తన’ అనిన ఏ కూర్పులోని నూటపదవదో చెప్పనిదే అర్థములేదు. పల్లవి మొదటి మాటలతో అకారాది సూచి యొకటి వేసికొని, ప్రతికూర్పులోను ఆ పల్లవి ఎన్నవ సంఖ్యయో ఎదురుగా వ్రాసికొన్నగాని ఒక కీర్తన నడచిన దారి తెలియదు. ఒక కీర్తనను ఏ సంవత్సరమున తీసివేసిరి, ఏ సంవత్సరమున మరల చేర్చిరి అను రెండు ప్రశ్నలకు సమాధానము దొరకినచో ఆ సంఘపు అంతరంగచరిత్ర సగము తెలిసినట్లే.

పాటల పొత్తములలో నాకన్నిటికంటె ప్రియమైనది పాట నెత్తిమీది చిన్నపంక్తి. ‘ఫలానా పాట మట్టు’, ‘ఫలానా దాని వరుస’ అని కుండలీకరణములలో కనబడు ఆ పంక్తిని జాబితాకర్తలు తరచుగా విడిచిపెట్టుదురు. స్వరము వ్రాయుట తెలియని ముద్రాక్షరశాలకును స్వరము చదువుట తెలియని కొనుగోలుదారునకును నడుమ ఒప్పందమది: ఈ క్రొత్తపాట నీకు తెలిసిన ఆ పాతపాటవలె పాడుకొనుము. అందులో ఒక సంఘపు చెవి దాగియున్నది. ఇరువదియవ శతాబ్ది మొదటి యేండ్ల పొత్తములలో త్యాగరాజకృతుల వరుసలు, జావళీల మట్టులు, నాటకపు పాటల మట్టులు కనబడును. 1902లో మనదేశమున గ్రామఫోను ధ్వనిముద్రణము మొదలై, 1908లో కలకత్తాలోని సియాల్దాలో ప్లేట్లు తయారగుట ఆరంభమైన తరువాత ప్లేటుపాటలు పల్లెలకు ప్రాకినవి. టాకీలు వచ్చిన తరువాతి భజనపొత్తములలో దేవుని పాట నెత్తిన సినిమాపాట వరుస నిస్సంకోచముగా కూర్చుండెను. ఏ పాటకు ఏ వరుస చెప్పిరో ఆ పంక్తులనన్నిటిని ఒక్కచోట ఎక్కించిన, ఒక బాణీ ఏ ఊరికి ఏ యేట చేరినదో పటము గీయవచ్చును. ఏ సంగీతచరిత్ర గ్రంథమును చెప్పని ఆ సంగతి కొట్టుయజమాని తక్కెడలో పడియుండెను.

జాతీయోద్యమపు పాటల కథ వేరు. శ్రీకాకుళ ప్రాంతమున గోనెపాడులో 1893లో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణగారు సహాయనిరాకరణపు రోజులలో తెల్లదొరతనము మాకు వద్దని కట్టిన దీర్ఘగీతము తెలుగుదేశమంతటను నోటనోట నాటుకొన్నది. దాని కొరకు ఆయన చెరసాలపాలైరి. విడుదలయై వచ్చి మరల పాడి మరల పోయిరి. బ్రాకెన్ అను తెల్లదొర ఆయనను పిలిపించి పాడించుకొని, భాష తెలియకపోయినను ఈ పాట జనమునెట్లు కదలించునో నాకు తెలిసినదన్నట్లు పెద్దలు చెప్పుకొను కథ కలదు. 1952లో ఆయన దారిద్ర్యముతో కన్నుమూసిరి. ఆ పాట నేటికిని పాఠ్యపుస్తకములలో నున్నది. దానిని మొదట మోసికొనిపోయిన పలుచని కాగితములు, బుట్టలలో కూరగాయల క్రింద దాగి సంతలకు వెళ్ళిన ఆ మాదిరి కరపత్రములు, మన ఇండ్లలో ఎందరి యొద్ద నున్నవి? పోలీసులు వచ్చుచున్నారనిన మనవారే పొయ్యిలో వేసిరి. వేయక ఏమి చేయుదురు?

దాచినవాడెవడనగా, నిషేధించినవాడే. 1910 నాటి పత్రికాచట్టము, 1922లో క్రిమినల్ ప్రొసీజరు కోడ్ లోనికి చేరిన 99-ఎ సెక్షను, 1931 నాటి అత్యవసరాధికారముల చట్టము, వీని క్రింద జప్తుచేసిన ముద్రణములలో ప్రతులు కొన్ని సాక్ష్యముగా దస్త్రములకెక్కినవి; కొన్ని సముద్రము దాటి లండనులోని ఇండియా ఆఫీసు గ్రంథాలయమును, బ్రిటిషు మ్యూజియమును చేరినవి. జెరాల్డ్ బారియర్ 1974లో ఈ నిషిద్ధసాహిత్యమును గూర్చి గ్రంథము వ్రాసిరి. గ్రాహమ్ షా, మేరీ లాయిడ్ కలిసి 1985లో ఆ నిషిద్ధముద్రణముల జాబితాను వెలువరించిరి. మన జాతీయ అభిలేఖాగారమునందును అట్టివి కలవు. అగ్గికి ఆహుతి కావలసిన పాటలు పగవాని బీరువాలో బ్రదికినవి. అందుకు నేను కృతజ్ఞుడనని వ్రాయుటకు చేయిరాదు. ఆ బీరువాకు మన తల్లులు వెల చెల్లించిరి. కాని ఆ కాగితములు ఉన్నవన్నది వాస్తవము, ఉన్నవానిని చదువుట మన విధి.

ఇంగ్లండులో శామ్యూల్ పీప్స్ అను నౌకాశాఖోద్యోగి పదునేడవ శతాబ్దిలోనే ఇట్టి కాగితములను దాచు పని చేసెను. లండను వీధులలో పెన్నీకి అరపెన్నీకి అమ్మిన ఒంటికాగితపు పాటలను సుమారు 1,800 కూర్చి, అయిదు సంపుటములలో అంటించి, భక్తినీతులని, చరిత్రయని, హత్యలు శిక్షలని, వలపని, నౌకాయానమని, పానగోష్ఠియని శీర్షికలు పెట్టెను. కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలలో అవి నేటికిని ఉన్నవి. మఱియొకరు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రాపకులు జాన్ జాన్‌సన్. దినదినము తన కన్నులయెదుట అచ్చై పారవేయబడు కాగితముల విలువ ముద్రాపకునికి తెలిసినట్లు మరొకరికి తెలియదు గాబోలు, టిక్కెట్టు మొదలు పాటకాగితము వరకు కూడబెట్టిరి. ఆయన సంచయము 1968లో బాడ్లియన్ గ్రంథాలయమును చేరినది. మన తెలుగు ముద్రాక్షరశాలలలో అచ్చువేసిన ప్రతిదానిని ఒక ప్రతి చొప్పున ఫైలు చేసిన యజమానులు లేకపోలేదు. ఆ ఫైళ్ళు లెటర్‌ప్రెస్సు మూతబడిన నాడు, సీసపు అక్షరములతోబాటు తూకమునకు పోయినవి.

సినిమా పాటల పుస్తకములను గూర్చి రెండు మాటలు చెప్పక తీరదు. మొదటి తెలుగు టాకీయైన ‘భక్తప్రహ్లాద’ 1932లో విడుదలైనది. ఆ తరమునాటి చిత్రములలో అనేకముల రీళ్ళు నేడు లేవు. నైట్రేటు ఫిల్ము తనంతట తానే పొడియై పోవును, నిప్పు తగిలిన భగ్గుమనును. అట్టి చిత్రములకు మిగిలిన దేహమెల్ల థియేటరువాకిట విశ్రాంతివేళ అమ్మిన పాటల పుస్తకమే. నటీనటుల పట్టిక, కథాసంగ్రహము, ఎక్కడ మంచిపట్టున్నదో అక్కడ ఆపి తక్కినది వెండితెరమీద చూడుడను వాక్యము, ఆపై పాటలు, వెనుకయట్టమీద తలనూనె ప్రకటన. 1964లో పూనాలో స్థాపితమైన జాతీయ చలనచిత్ర భాండాగారము ఫిల్ములతోబాటు ఈ పుస్తకములను కూడ సేకరించినది, అది వివేకము. ఆ కథ ఎక్కడ ఆగినదో అక్కడ నిజముగానే ఆగిపోయిన చిత్రములున్నవి. మిగతా కథ చూపుటకు వెండితెర లేదు.

ఇక జాబితా వ్రాయు విధానము. నేను చేసిన తప్పులనుండి నేర్చినది చెప్పుదును. మొదట్లో నేను పొత్తముల పేర్లను ‘శుద్ధము’ చేసి వ్రాసితిని: ‘కీర్థనలు’ అని అచ్చైనచోట ‘కీర్తనలు’ అని, అరసున్న ఉన్నచోట తీసివేసి. మూడేండ్ల తరువాత ఒకే పొత్తపు రెండు కూర్పులను వేరుపరచుటకు ఆ అచ్చుతప్పే ఆధారమని తెలిసినప్పటికి, అట్టమీది అక్షరములు నా జాబితానుండి నా చేతనే చెరిగిపోయినవి. ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. మన పాండిత్యమును ప్రక్కగడిలో చూపవచ్చును. సంవత్సరము పేరు మాత్రమే ఉన్నచో దానిని అట్లే వ్రాసి, ఊహించిన క్రీస్తుశకమును ఊహయని తెలియునట్లు వ్రాయవలెను. వెల ఎంత, కాగితపు రంగేమి, ప్రకటన లెవరివి, వెనుక ఎవరైన పెన్సిలుతో లెక్కలు వ్రాసికొనిరా, ఎవరింట దొరకినది అన్నవి పాటతోపాటు పాట చరిత్రలే. గ్రంథాలయములలో పలుచని పొత్తములు పదింటిని కలిపి ఒకే అట్టలో కుట్టించుట పరిపాటి. జాబితాలోనికి మొదటిదాని పేరే ఎక్కును. పేరు చెప్పనక్కరలేని ఒక గ్రంథాలయమున ‘శతకము’ అని వీపున ముద్రవేసిన సంపుటములో ఆ శతకము వెనుక పదకొండు పాటలపొత్తములు ఊపిరిబిగబట్టి కూర్చుండుట నేను కన్నులార చూచితిని. వాని కొరకు వచ్చిన పరిశోధకులకు ‘లేవు’ అన్న సమాధానమే అన్నేండ్లును దొరకియుండును. లండనులో బార్నెట్ పండితుడు బ్రిటిషు మ్యూజియములోని తెలుగు పుస్తకముల జాబితాను 1912లో అచ్చువేసినాడు. అంతటి ఓపికతో మన జిల్లా గ్రంథాలయముల కుట్టుసంపుటములను విప్పి చూచిన జాబితా మనకు కావలెను.

కాగితము వేచియుండదు. పందొమ్మిదవ శతాబ్ది చివరనుండి చౌక అచ్చులకు వాడిన కొయ్యగుజ్జు కాగితము పటికవలన పుట్టిన ఆమ్లముచేత లోలోపలనే కాలి, పసుపై, గోధుమవన్నెయై, వ్రేలు తగిలిన అప్పడమువలె విరుగును. తాళపత్రమునకు మూడువందల యేండ్ల యాయువున్నచోట దీనికి నూరేండ్లు దుర్లభము. దానిపై రామబాణపు పురుగు, చెదలు, పిన్నుల తుప్పు, వానికి మించి మన ప్రేమతో అంటించు సెల్లోటేపు.

కనుక పాఠకమహాశయులారా, ఈ యాదివారము మీ ఇంటి అటకమీది పెట్టెను ఒకమారు దింపుడు. అమ్మమ్మగారి భజనపుస్తకము, తాతగారి పెండ్లిపద్యములు, చర్చికి తీసికొనిపోయిన పాత కీర్తనలు, సినిమాహాలు వాకిట కొన్న పాటలపుస్తకము కనబడినచో టేపు అంటింపకుడు, లామినేషను చేయింపకుడు. తుప్పుపట్టిన పిన్నును మెల్లగా తీసి, తెల్లని శుభ్రమైన కాగితములో మడిచి, ఎవరిదో, ఏ ఊరిదో, ఎవరు పాడెడివారో పెన్సిలుతో ఆ మడతమీద వ్రాయుడు. పాడగలవారు ఇంటనున్నచో ఆ వరుసను ఫోనులో పట్టుడు. మీకు బరువైనచో వేటపాలెపు సారస్వత నికేతనమువంటి, రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయమువంటి, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమువంటి చోట్లకు చేర్చి, విడిగా నమోదు చేయుడని అడుగుడు. పెట్టెమూతకు అంటియున్నదానిని మాత్రము ఊడదీయకుడు. పగటివెలుతురులో ఫోటో తీయుడు, అడుగుపంక్తిలోని ముద్రాక్షరశాల పేరు తేటగా పడినదా లేదా అని మరల ఒకమారు చూచుకొనుడు.